కడుపులో విన్న కథ నుంచి ఎనభైలో వాయించిన పియానో దాకా

ఎదుగుదల అనగానే మనకు పిల్లల ఎత్తు, బరువు, మార్కులు గుర్తొస్తాయి. పాతికేళ్లు దాటాక ఇక ఎవరూ ఆ లెక్క చూడరు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు మాత్రం పురిటి బిడ్డల దగ్గర నుంచి పండు ముసలివాళ్ల దాకా అన్ని వయసుల వాళ్లనూ దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చారు. ప్రతి వయసులోనూ మనసుకు కొత్తగా ఏదో ఒకటి వస్తుంది, ఏదో ఒకటి పోతుంది. ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నది పక్కనున్న మనుషుల మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. అలాంటి విశేషాలు కొన్ని చూద్దాం.

పుట్టకముందే విన్నది

1986లో అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ అనే పరిశోధకులు నెలలు నిండుతున్న గర్భిణులకు ఒక పని అప్పగించారు. కాన్పుకు ముందు చివరి ఆరు వారాలూ రోజుకు రెండుసార్లు ఒకే పిల్లల కథను బిగ్గరగా చదవాలి. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు నోట్లో పాలపీక పెట్టారు. దాన్ని ఒక తీరులో చప్పరిస్తే ఆ కథ వినిపిస్తుంది, ఇంకో తీరులో చప్పరిస్తే ఎప్పుడూ వినని కథ వినిపిస్తుంది. పసికందులు విన్న కథ కోసమే చప్పరించారు. దాన్ని వేరే ఆవిడ చదివినా అంతే. మాటల అర్థం వాళ్లకు తెలియదు. ఆ నడక, ఆ లయ మాత్రం గుర్తుండిపోయాయి.

ట, త తేడా ఎప్పుడు పోతుంది?

మనకు ‘ట’ వేరు, ‘త’ వేరు. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దవాళ్లకు ఆ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. మరి వాళ్ల పిల్లలకు? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనకు హిందీలోని ఈ శబ్దాలనే తీసుకున్నారు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ తేడా పట్టేశారు. పది నుంచి పన్నెండు నెలల వాళ్లలో పట్టినవాళ్లు చాలా తక్కువ. హిందీ వినే ఇళ్లలోని పిల్లలకు మాత్రం ఏడాది నిండినా ఆ తేడా చక్కగా తెలిసింది. అంటే తొలి నెలల్లో శిశువు ఏ భాషకైనా సిద్ధంగా ఉంటుంది. ఏడాది నిండేలోపు ఇంట్లో వినిపించే భాషకు చెవిని సరిచేసుకుంటుంది, మిగతా తేడాలను పక్కన పెట్టేస్తుంది.

దీనికి కొనసాగింపుగా సియాటిల్‌లో పట్రీషియా కూల్ చేసిన పని తల్లిదండ్రులందరూ తెలుసుకోవాల్సినది. 2003లో ఆమె బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా భాష మాండరిన్‌ను పన్నెండు విడతలుగా వినిపించింది. కొందరి ఎదుట మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడారు. ఇంకొందరికి అదే మనిషిని, అవే మాటలను టీవీ తెర మీద చూపించారు. ఎదుట మనిషి ఉన్న పిల్లలు మాండరిన్ శబ్దాల తేడా నేర్చుకున్నారు. తెర చూసినవాళ్లు ఏమీ నేర్చుకోలేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు జంటలు పాపకు తెలుగు రావాలని ఫోన్‌లో తెలుగు పాటలు పెట్టి వదిలేస్తుంటారు. ఆ వయసులో అంతకన్నా అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పే నాలుగు మాటలు చాలా విలువైనవి.

అమ్మ ముఖం చూసి

పిల్లల మనస్తత్వం మీద జరిగిన ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇది. 1960లో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ ఒక పెద్ద గాజు బల్ల తయారు చేయించారు. సగం బల్లకు గళ్ల గుడ్డ గాజు కిందే ఉంటుంది, మిగతా సగానికి బాగా లోతున ఉంటుంది. చూడ్డానికి అక్కడ నేల తెగిపోయి గొయ్యి పడినట్టు ఉంటుంది. పాకే పిల్లల్లో చాలామంది ఆ అంచు దగ్గరే ఆగిపోయారు, అవతల నుంచి అమ్మ పిలిచినా వెళ్లలేదు.

పాతికేళ్ల తర్వాత, 1985లో, జేమ్స్ సోర్స్, రాబర్ట్ ఎమ్డె బృందం ఆ లోతును తగ్గించింది. అంత భయపెట్టదు, అలాగని ధైర్యమూ ఇవ్వదు. దిగాలా వద్దా అని బిడ్డకు సందేహం వచ్చేంత లోతన్నమాట. అంచుకు వచ్చిన ఏడాది వయసు పిల్లలు తలెత్తి అవతలున్న తల్లి ముఖంలోకి చూశారు. తల్లి నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటేశారు. తల్లి ముఖంలో భయం కనిపిస్తే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఆ తల్లులు ఒక్క మాటా మాట్లాడలేదు. కిందపడగానే బిడ్డ ముందు చేసే పని కూడా ఇదే, మన ముఖం చూడటం. ఏడవాలా లేచి ఆడుకోవాలా అన్నది ఆ చూపులోనే సగం తేలిపోతుంది.

గంటకు పదిహేడు పాట్లు

నడక నేర్చుకునే బిడ్డ గంటలో ఎన్ని అడుగులు వేస్తుంది? న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరెన్ అడాల్ఫ్ బృందం ఓపిగ్గా లెక్కపెట్టింది. 2012లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం 12 నుంచి 19 నెలల పిల్లలు గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. అడాల్ఫే కనిపెట్టిన ఇంకో సంగతి మరీ ఆశ్చర్యం. బాగా పాకడం వచ్చిన బిడ్డ ఏటవాలు పలక ముందు ఆగి, ఇది నిటారుగా ఉంది, దిగకూడదు అని గ్రహిస్తుంది. అదే బిడ్డ కొత్తగా నడక మొదలెట్టాక అదే పలక మీద నుంచి ధైర్యంగా అడుగేసి పడిపోతుంది. పాకేటప్పుడు తెలిసిన జాగ్రత్త నడకకు పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పెద్దయ్యాక కొత్త ఉద్యోగంలోనో కొత్త ఊళ్లోనో తడబడినప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలనిపిస్తుంది.

రెండేళ్ల పిల్లవాడు అరచేయంత బొమ్మ కారు తలుపు తీసి, చాలా గంభీరంగా అందులో కాలు దూర్చబోవడం మీరెప్పుడైనా చూశారా? జూడీ డిలోష్, ఆమె సహచరులు 2004లో దీని మీద పరిశోధన ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లలు చిట్టి కుర్చీలో కూర్చోబోతారు, వేలెడంత జారుడుబల్ల మీద జారబోతారు. అది కారు అని మనసుకు తెలుసు. దాని పరిమాణం ఎంతో కళ్లకూ తెలుసు. ఈ రెండు ఎరుకలూ ఆ వయసులో ఇంకా పూర్తిగా కలవవు.

మొదటి అబద్ధం

మీ పాప మొదటిసారి అబద్ధం ఆడితే కంగారు పడకండి. టొరంటోలో కాంగ్ లీ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పిల్లల అబద్ధాల మీదే పనిచేశాడు. పిల్లల వెనక బొమ్మ పెట్టి, చూడొద్దని చెప్పి, గదిలోంచి వెళ్లిపోతాడు. పిల్లలు చూసేస్తారు. అడిగితే, రెండేళ్ల వాళ్లలో ఎక్కువమంది ఒప్పేసుకుంటారు. నాలుగేళ్లు దాటేసరికి ఎక్కువమంది ‘నేను చూడలేదు’ అంటారు. అబద్ధం ఆడాలంటే నాకు తెలిసింది ఎదుటివారికి తెలియదు అన్న ఎరుక రావాలి. ఆ ఎరుక స్థిరపడేది దాదాపు నాలుగేళ్లకే. పక్కవాడి బాధను వాడి వైపు నుంచి అర్థం చేసుకోవడానికీ అదే కావాలి. తప్పు అని చెప్పండి, కొట్టకండి.

ఆగగలిగిన పిల్ల

స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన మిఠాయి ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు. ఒక మెత్తటి మార్ష్‌మాలో మిఠాయి ముందు పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండిస్తాను అంటారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో బాగా రాణించారని తర్వాత తేలింది. ఆ మాట పట్టుకుని వ్యక్తిత్వ వికాస శిక్షకులు ఇప్పటికీ పాఠాలు చెబుతున్నారు. తర్వాతి కథ మాత్రం ఎవరూ చెప్పరు. 2018లో దాదాపు 900 మంది పిల్లలతో టైలర్ వాట్స్ బృందం ఈ సంగతి మళ్లీ పరిశీలించింది. కుటుంబ పరిస్థితులను, చిన్ననాటి తెలివితేటలను లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది.

అంతకన్నా ముఖ్యమైనది సెలెస్ట్ కిడ్ 2013లో ప్రచురించింది. మిఠాయికి ముందు ఒక పెద్దమనిషి వచ్చి, మంచి రంగు పెన్సిళ్లు తెస్తానని చెప్పి వెళ్తాడు. కొందరికి తెచ్చిస్తాడు. కొందరికి వట్టి చేతులతో వచ్చి, లేవమ్మా, క్షమించు అంటాడు. ఆ తర్వాత మిఠాయి ప్రయోగం. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు మూడు నిమిషాలే. చూసింది 28 మంది పిల్లలనే, కాబట్టి కొండంత తీర్పులు చెప్పలేం. అయినా, రేపు కొనిపెడతాను, సాయంత్రం తీసుకెళ్తాను అని ఏడుపు ఆపడానికి ఏదో ఒకటి అనేసే అలవాటు మన ఇళ్లలో ఎంత ఉందో ఆలోచించండి. ఆ పిల్లవాడికి ఓపిక లేదనే ముందు, ఆగితే వచ్చిన సందర్భాలు వాడికి ఎన్ని ఉన్నాయో చూడాలి.

ఒక్క మనిషి చాలు

హవాయి దీవుల్లో కవాయి ఒకటి. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి కడుపులో ఉన్నప్పటి నుంచి నడివయసు దాకా గమనిస్తూ వచ్చింది. పేదరికం, తాగుడు, తగాదాలు, తల్లి మానసిక జబ్బు, ఇలా ఒకటికి మించిన కష్టాల మధ్య పెరిగినవాళ్లు వారిలో దాదాపు మూడో వంతు ఉన్నారు. వీళ్లందరూ చెడిపోతారనే అందరి అంచనా. కానీ వాళ్లలో కూడా మూడో వంతు మంది స్థిరంగా, ఆత్మవిశ్వాసంతో, తోటివాళ్లను పట్టించుకునే మనుషులుగా ఎదిగారు. వాళ్ల బతుకుల్లో పదేపదే కనిపించిన విషయం ఒకటుంది. తాతో అమ్మమ్మో పిన్నో టీచరో, వాళ్లను నిలకడగా ప్రేమించిన మనిషి కనీసం ఒకరున్నారు. కౌమారంలో దారి తప్పినవాళ్లలో కూడా చాలామంది ముప్ఫైలు, నలభైలలో తేరుకున్నారు. దీన్ని తల్లిదండ్రుల కన్నా ముందు మన బడుల్లోని టీచర్లు చదవాలి.

దీనికి రెండో వైపూ ఉంది. రుమేనియాలో నియంత చౌషెస్కూ పాలన నాటి అనాథాశ్రమాల్లో పిల్లలకు తిండి, పడక దొరికినా ఎత్తుకునే చేతులు దొరకలేదు. 2000లో చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా బుకారెస్టులో అలాంటి 136 మంది పిల్లలను ఎంచుకుని సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు మనుషులతో అనుబంధం పెంచుకోవడంలో, మెదడు పనితీరులో బాగా కోలుకున్నారు. ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమైంది.

పదహారేళ్ల నిద్ర

యవ్వనంలోకి అడుగుపెట్టిన పిల్లలకు రాత్రి త్వరగా నిద్ర పట్టకపోవడం కేవలం ఫోన్ పుణ్యం కాదు. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ వాళ్ల ఒంట్లో చిన్నప్పటి కంటే ఆలస్యంగా ఊరుతుందని మేరీ కార్స్‌కాడన్ పరిశోధనలు చూపించాయి. వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో ఉదయం ఎనిమిదిన్నరకు ముందు హైస్కూళ్లు తెరవొద్దని కోరింది. మన రెండు రాష్ట్రాల ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారకముందే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది. నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్రనే కోసేసి ర్యాంకు అడగడం అన్యాయం.

ఇదే వయసు గురించి ఇంకొకటి. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ఒక కారు ఆట ఆడించారు. పసుపు దీపం పడ్డాక కూడా ఎంత దూరం పోతారో చూడటం అందులో అసలు సంగతి. ఒంటరిగా ఆడినప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల వాళ్లకూ పెద్దవాళ్లకూ పెద్ద తేడా లేదు. స్నేహితులు పక్కన నిలబడితే ఆ పిల్లల దూకుడు దాదాపు రెట్టింపైంది, పెద్దవాళ్లది మారలేదు. బైకు మీద ముగ్గురు కుర్రాళ్లు ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. బరువొక్కటే కారణం కాదు.

అహ్మదాబాదుకు వచ్చిన శాస్త్రవేత్త

పుట్టుక నుంచి ముసలితనం దాకా మనసు ఎనిమిది మజిలీల్లో ఎదుగుతుందని 1950లో రాసినవాడు ఎరిక్ ఎరిక్సన్. యవ్వనంలో ‘నేనెవరు’ అన్న ప్రశ్న మనిషిని పీడిస్తుందని ఆయన చెప్పింది ఊరికే కాదు. తన కన్నతండ్రి ఎవరో ఆయనకు జీవితాంతం తెలియలేదు. సవతి తండ్రి ఇంటిపేరుతో పెరిగి, అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు తన ఇంటిపేరు తానే పెట్టుకున్నాడు. విశ్వవిద్యాలయ పట్టా లేదు, బొమ్మలు వేయడం నేర్చుకున్న మనిషి.

1962లో మనిషి జీవిత దశల మీద సదస్సుకు అహ్మదాబాదు వచ్చిన ఎరిక్సన్, 1918 నాటి అక్కడి మిల్లు కార్మికుల సమ్మె గురించి విని కదిలిపోయాడు. నడివయసు గాంధీ ఆ సమ్మెలో ఏం తెలుసుకున్నాడన్నదే 1969లో ఆయన రాసిన పుస్తకానికి కేంద్రం. దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ రోజుల్లోనే అహ్మదాబాదులో ఎరిక్సన్‌ను కలిసిన సుధీర్ కకర్ అనే ఇంజినీరు తన దారి మార్చుకుని మనోవిశ్లేషకుడయ్యాడు. మన ఆశ్రమ ధర్మాల దశలనూ ఎరిక్సన్ దశలనూ పక్కపక్కన పెట్టి వ్యాసం రాశాడు. ఎరిక్సన్ పోయాక, తొంభైల్లో ఉన్న ఆయన భార్య జోన్, ఎనిమిది దశలు చాలవని తొమ్మిదో దశను చేర్చింది. ఎనభై దాటినవాళ్లకు ఏమవుతుందో తాను ఆ వయసుకు వచ్చాకే తెలిసిందని ఆమె అభిప్రాయం.

ఇక మారేదేముంది?

పద్దెనిమిది నుంచి అరవై ఎనిమిదేళ్ల దాకా ఉన్న 19 వేల మందికి పైగా మనుషులను జోర్డి క్వాడ్‌బాక్, డాన్ గిల్బర్ట్, టిమ్ విల్సన్ రెండు ప్రశ్నలు అడిగారు. గత పదేళ్లలో ఎంత మారారు? వచ్చే పదేళ్లలో ఎంత మారతారు? అన్ని వయసుల వాళ్లూ గతంలో చాలా మారామన్నారు, ఇక పెద్దగా మారమన్నారు. ఇప్పుడు ఇష్టమైన గాయక బృందం కచేరీ పదేళ్ల తర్వాత చూడ్డానికి సగటున 129 డాలర్లు ఇస్తామన్నారు. పదేళ్ల క్రితం ఇష్టమైన బృందం కచేరీ ఇప్పుడు చూడ్డానికి 80 డాలర్లకు మించి ఇవ్వమన్నారు.

ఇక గతం మాటకొస్తే, పెద్దవాళ్లను మీ జ్ఞాపకాలు చెప్పండని అడిగితే ఎక్కువగా పది నుంచి ముప్ఫై ఏళ్ల మధ్యవే వస్తాయి. అందుకే తాతయ్యకు తన కాలేజీ రోజుల సినిమా పాటలు పల్లవి నుంచి చివరి చరణం దాకా వచ్చేస్తాయి. రాబర్ట్ ష్రౌఫ్, డేవిడ్ రూబిన్ స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి అమెరికాకు వలస వెళ్లినవాళ్లను అడిగినప్పుడు మాత్రం తేడా వచ్చింది. ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదేళ్లకు దేశం మారినవాళ్లలో జ్ఞాపకాలు ఆ వలస ఏళ్ల చుట్టూ చేరాయి. బతుకు కొత్తగా మొదలైన కాలమే గట్టిగా గుర్తుంటుందన్నమాట.

ఏ శక్తి ఎప్పుడు పండుతుంది?

జాషువా హార్ట్‌షోర్న్, లారా జర్మైన్ దాదాపు 48 వేల మంది మీద జరిపిన పరీక్షల ఫలితాలు 2015లో వచ్చాయి. ఆలోచన వేగం పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే శిఖరం చేరి దిగడం మొదలవుతుంది. ఎదుటివారి కళ్లు చూసి మనసు కనిపెట్టే నేర్పు నలభై, యాభైల్లో బాగా ఉంటుంది. పదసంపద అరవై దాటాక కూడా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఇంటి తగవులు తీర్చడానికి ఊళ్లో పెద్దమ్మను పిలిచే ఆనవాయితీకి గట్టి కారణమే ఉంది.

నడివయసు సంక్షోభం అన్న మాట 1965లో ఎలియట్ జాక్స్ అనే మనోవిశ్లేషకుడు రాసిన వ్యాసంతో పుట్టింది. అమెరికాలో జరిగిన పెద్ద సర్వేలో తమకు అది వచ్చిందన్నవాళ్లు నాలుగో వంతే. వాళ్లలోనూ చాలామంది చెప్పింది విడాకులు, ఉద్యోగం పోవడం లాంటి ఏ వయసులోనైనా వచ్చే దెబ్బల గురించే.

వయసు పైబడ్డాక స్నేహితులు తగ్గిపోతే జాలిపడతాం. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన లారా కార్‌స్టెన్సెన్ దీన్ని వేరేగా చూసింది. ముందున్న కాలం తక్కువని తెలిసినప్పుడు మనిషి పైపై పరిచయాలను వదిలి దగ్గరివాళ్లను ఎంచుకుంటాడని ఆమె అంటుంది. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్లబోతున్న ఏడాది, అక్కడి యువకులు కూడా ముసలివాళ్లలాగే దగ్గరివాళ్లతోనే గడపాలనుకున్నారని ఆమె సహచరులతో కలిసి చేసిన పరిశోధనలో తేలింది.

ఎనభై ఏళ్ల వయసులో కూడా పియానో అంత బాగా ఎలా వాయిస్తున్నారని ఆర్థర్ రూబిన్‌స్టైన్‌ను అడిగితే మూడు సంగతులు చెప్పాడు. తక్కువ కృతులు వాయిస్తాను. వాటినే ఎక్కువ సాధన చేస్తాను. వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కాస్త నెమ్మదిస్తాను, అప్పుడు ఆ వేగం ఎక్కువగా వినిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త పాల్ బాల్టెస్ బాగా ముసలితనం గడపడం ఎలా అన్న తన సిద్ధాంతానికి ఈ జవాబునే ఉదాహరణగా తీసుకున్నాడు.

హైదరాబాదు చెప్పిన నాలుగున్నరేళ్లు

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్‌తో కలిసి, మతిమరుపు జబ్బు డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువే కారణమేమో అనుకోవడానికి లేదు, అక్షరం ముక్క రాని వాళ్లలోనూ ఇదే కనిపించింది. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ బజారులోనే నేర్చుకుని కలగలిపి మాట్లాడే ఊరు కాబట్టే చదువును వేరు చేసి చూడటం సాధ్యమైంది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు.

చివరగా, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో యాభై దాటిన 660 మందిని 1975లో ముసలితనం గురించి మీరేమనుకుంటున్నారని అడిగారు. వాళ్లలో ఎవరెంతకాలం బతికారో తర్వాత బెక్కా లీవీ లెక్కచూసి 2002లో ప్రచురించింది. తమ ముసలితనాన్ని మంచిగా తలచినవాళ్లు, చెడుగా తలచినవాళ్ల కంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు. ఆరోగ్యం, ఆదాయం లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలబడింది. అందుకని ఒక్క మనవి. ఇంట్లో అమ్మో నాన్నో అత్తగారో ఫోన్‌లో డబ్బు పంపడం నేర్పమన్నా, కొత్త పాట నేర్చుకుంటానన్నా, ఈ వయసులో నీకెందుకు అనకండి. పక్కన కూర్చుని నేర్పండి.